మోకాళ్ళ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర: రెండూ కలిస్తే?

(వాట్సాప్‌లో తిరుగుతున్న ఒక వీడియో మీద రాత్రి తొమ్మిది గంటల చర్చ. ముగ్గురూ ఒకేసారి మాట్లాడిన చోట వినబడినంతే రాశాం.)

యాంకర్: కొలెస్ట్రాల్ మాత్ర వాడుతూ నొప్పి మాత్ర వేసుకుంటే కిడ్నీలు పోతాయట. డాక్టర్ గారూ, అసలు దోషి కొలెస్ట్రాల్ మందే కదా?

కార్డియాలజిస్ట్: కాదండీ. కొలెస్ట్రాల్‌కి వాడే అటోర్వాస్టాటిన్, నొప్పికి వాడే ఐబుప్రొఫెన్ ఒకదానితో ఒకటి పెద్దగా కొట్టుకోవు. కానీ స్టాటిన్, అంటే ఈ రకం కొలెస్ట్రాల్ మందు, వాడేది ఎవరు? బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్ళు. నొప్పి మాత్ర కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తుంది, బీపీ పెంచుతుంది. బీపీ బిళ్ళతో పాటు ఒంట్లో నీరు తీసే బిళ్ళ కూడా ఉంటే...

షాపు యజమాని: ఒక్క నిమిషం. దీనికీ మా మెడికల్ షాపులే దొరికాయా?

కార్డియాలజిస్ట్: మీ పేరే ఎత్తలేదండీ.

షాపు యజమాని: ఎత్తుతారు, నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా కౌంటర్లో నిలబడుతున్నా. "అన్నా, ఒళ్ళు నొప్పులకి రెండియ్యి" అంటాడు. చీటీ ఉండదు. నేనివ్వకపోతే పక్క షాపుకెళ్తాడు. ఇప్పుడైతే యాప్‌లో నొక్కితే ఇంటికే వస్తుంది. వాళ్ళని అడగరేం?

యాంకర్: యాప్‌ల దగ్గరికి వస్తాం. ప్రొఫెసర్ గారూ, స్టాటిన్లు కండరాలను తినేస్తాయంటున్నారు...

ఫార్మకాలజీ ప్రొఫెసర్: చాలా అరుదు. కండరం దెబ్బతిని, మూత్రం కోలా రంగులోకి తిరిగి, కిడ్నీ మీద పడుతుంది. సెరివాస్టాటిన్ అనే ఒక స్టాటిన్‌ను 2001లో అందుకే మార్కెట్ నుంచి తీసేశారు. కానీ 2020లో సామ్సన్ అనే అధ్యయనం వచ్చింది. పడట్లేదని స్టాటిన్ మానేసిన 60 మందికి ఏ మందూ లేని బిళ్ళలూ ఇచ్చి చూశారు. స్టాటిన్‌తో పడ్డ బాధలో 90 శాతం ఆ ఉత్తి బిళ్ళలతోనూ కనిపించింది.

యాంకర్: అంటే పది శాతం మందికి నిజంగానే ప్రమాదం!

ప్రొఫెసర్: పది శాతం మంది అని నేననలేదు...

యాంకర్: పది శాతం చిన్న అంకా?

షాపు యజమాని: డైక్లోఫెనాక్ అనే నొప్పి మందుతో రాబందుల కిడ్నీలు పోతున్నాయని పశువులకు ఆపేశారు, 2006లో! మనుషులకి మాత్రం డాక్టర్లే రాస్తారు!

(రాబందుల మీద దాదాపు నాలుగు నిమిషాలు. వదిలేశాం.)

కార్డియాలజిస్ట్: ఇది చూడండి. (సగం స్ట్రిప్ చూపించారు. కత్తెర పడిన చోట మందు పేరు ఎగిరిపోయి, మూడు క్యాప్సూల్స్ మిగిలాయి.) ఒక పెద్దాయన జేబులోది. "ఇది కొవ్వు మాత్ర సార్" అన్నారు. పాత చీటీ తెప్పించి చూస్తే ఇందులో ఆస్పిరిన్ కూడా ఉంది. మోకాళ్ళకి రోజూ ఐబుప్రొఫెన్ వేస్తున్నారు. రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్ అతుక్కోవాల్సిన చోట ఐబుప్రొఫెన్ ముందే కూర్చుంటే గుండెకి రక్షణ తగ్గుతుంది. కడుపులో రక్తం పోయే ప్రమాదం వేరే...

షాపు యజమాని: కత్తెరా? కూలోడు నాలుగు బిళ్ళలకే డబ్బులు తెస్తే పదిహేనూ కొనమంటారా?

యాంకర్: అది పాయింటే.

ప్రొఫెసర్: అసలు సంగతి మిగిలిపోతోంది. స్టాటిన్ వాడే మనిషికి కొత్తగా కాళ్ళ పిక్కలు లాగితే నొప్పి బిళ్ళతో కప్పేస్తున్నాడు. ఆ నొప్పి సంగతి డాక్టరుకి చెప్పాలి, కండరం దెబ్బతిందేమో చూసే సీకే రక్తపరీక్ష...

షాపు యజమాని: చెప్పడానికి డాక్టర్ దొరకాలిగా! టోకెన్ తీసుకుని మూడు గంటలు కూర్చోవాలి!

కార్డియాలజిస్ట్: మామూలు నొప్పికైతే చాలామందికి ముందు పారాసిటమాల్, అదీ మోతాదు దాటకుండా...

షాపు యజమాని: మేమూ అదే ఇస్తున్నాం!

యాంకర్: టైమైపోయింది. కౌంటర్ దగ్గర సామాన్యుడి కష్టం అన్నగారు కళ్ళకు కట్టారు. యాప్‌ల మీద రేపు ప్రత్యేక చర్చ. డాక్టర్ గారూ, ఒక్క ముక్కలో, కొలెస్ట్రాల్ మందు అవసరమా?

కార్డియాలజిస్ట్: ఒక్క ముక్కలో చెప్పేది కాదు. ఎవరూ సొంతంగా మానే...

(ఇక్కడ ప్రకటన వచ్చింది.)