డౌట్ అన్న ఒక్క మాట

వేదిక మీదున్న పెద్దలకు, ఇంగ్లీషు నేర్చుకుంటున్న మీ అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్లకు ధన్యవాదాలు. నా గురించి పరిచయంలో చెప్పింది చాలు. ఉన్న సమయమంతా మీతో మాట్లాడడానికే వాడుకుంటాను.

మూడు విషయాలు కాగితం మీద రాసుకొచ్చాను. ఏ చోట ఏ మాట వాడాలి, క్రియల తర్వాత ఏం రావాలి, అవును కాదు అని జవాబు ఎలా చెప్పాలి. వరసగా చెబుతాను.

ముందు ఒక చిన్న పని. "ఐ హావ్ ఎ డౌట్" అని ఎప్పుడైనా అన్నవాళ్లు చేతులెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు. దించండి. నేనూ అన్నాను. అన్నాక ఏం జరిగిందో చెప్పాలనే ఈ పిలుపుకు వెంటనే ఒప్పుకున్నాను.

అది నా మొదటి ఉద్యోగం. వేరే దేశంలో ఉండే ఒక సీనియర్ ఇంజనీరు నెలల తరబడి కష్టపడి చేసిన డిజైన్ నా చేతికొచ్చింది. రెండు చోట్ల లెక్క ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. అడిగి తెలుసుకుందామని మెయిల్ పెట్టాను. "ఐ హావ్ సమ్ డౌట్స్ అబౌట్ యువర్ డిజైన్" అని రాశాను. మీ డిజైన్ గురించి నాకు కొన్ని సందేహాలున్నాయి అని నా ఉద్దేశం. తెలుగులో ఎంత మర్యాదగా ఉందో చూడండి.

నాలుగు రోజులు జవాబు లేదు. ఐదో రోజు పద్నాలుగు పేజీలు వచ్చాయి. అడుగడుగునా ఆయన తన పనిని సమర్థించుకుంటూ రాశారు. "ఇందులో ఏది తప్పని మీరు అనుకుంటున్నారో చెప్పండి" అని చివర్లో అడిగారు. మా మేనేజరుకు కూడా కాపీ పెట్టారు. "మీ పని మీద నాకు నమ్మకం లేదు" అని నేను రాసినట్టు ఆయనకు అర్థమైందన్నమాట. ఒక పెద్దమనిషి మనసు కష్టపెట్టానే అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకలా అయింది? మన సందేహంలో రెండు అర్థాలున్నాయి. తెలియనిది అడగడమూ సందేహమే, నమ్మకం కుదరకపోవడమూ సందేహమే. మన మాటల్లో కలిసిపోయిన డౌట్ కూడా ఆ రెండు పనులూ చేస్తోంది. మనలో మనం ఇంగ్లీషు మాట్లాడుకునేటప్పుడు అది చెల్లుతుంది, దాన్ని తప్పు అనను. కానీ బ్రిటన్‌లోనో అమెరికాలోనో పెరిగినవాళ్లకు డౌట్ అంటే నమ్మకం లేకపోవడమే. తెలియనిది అడగాలంటే వాళ్లు "ఐ హావ్ ఎ క్వశ్చన్" అంటారు.

క్రియగా వాడినప్పుడు ఇంకా ప్రమాదం. అతను దొంగేమోనని నా అనుమానం అనుకుని, "ఐ డౌట్ హీ ఈజ్ ఎ థీఫ్" అంటాం. వినేవాడికి మాత్రం "అతను దొంగ అంటే నేను నమ్మను" అని అర్థమవుతుంది. పూర్తిగా తలకిందులు! అక్కడ కావలసిన మాట సస్పెక్ట్. దయచేసి ఈ ఒక్కటి ఇప్పుడే రాసుకోండి, నేను ఆగుతాను.

మేనేజరు నన్ను పిలిచారు. ఆ మాటకు ఇంకో అర్థం ఉందని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆయన చెప్పలేదు. అందరి ముందూ నిలబెట్టి, ఇంగ్లీషు రానప్పుడు రాయకూడదు అన్నారు. గదిలో వాళ్లంతా నవ్వారు. ఆ తర్వాత ఏడాది పాటు ఎవరికీ చూపించకుండా నేను ఒక్క మెయిల్ కూడా పంపలేదు. మీటింగుల్లో నోరు తెరవలేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉండేది ఆ నవ్వు గురించే. తప్పు మాట్లాడినందుకు నవ్వితే మనిషి తప్పు మానడు, మాట్లాడడం మానేస్తాడు. ఇక్కడ కూర్చున్న టీచర్లను చేతులు జోడించి అడుగుతున్నాను, మీ క్లాసులో ఆ నవ్వు రానివ్వకండి.

నాకు అసలు సంగతి తెలిసింది చాలా రోజుల తర్వాత, లెర్నర్స్ డిక్షనరీ తెరిచినప్పుడు. అందులో డౌట్ కింద వరసగా వాక్యాలున్నాయి. ఒక్కదాంట్లోనూ ప్రశ్న అడగడం లేదు. ఇలాంటి నిఘంటువులకు దారి వేసినవాళ్లలో ఎ.ఎస్. హార్న్‌బీ ఒకరు. ఆయన జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పేవారు. నేర్చుకునేవాళ్లకు అర్థం ఒక్కటే సరిపోదని, ఏ క్రియ తర్వాత ఏం వస్తుందో కూడా చూపించాలని తోటివాళ్లతో కలిసి నిఘంటువు తయారుచేశారు. అది 1942లో టోక్యోలో అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు దాన్ని మళ్లీ వేశారు. క్లాసులో పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో రోజూ చూసిన మాస్టారు కాబట్టే ఆయనకు ఆ ఆలోచన వచ్చిందని నేను నమ్ముతాను.

మన నోట్‌బుక్కుల్లో ఏముంటుంది? ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క తెలుగు అర్థం. నావి అలాంటివి ఆరు నిండాయి. బిగ్ అంటే పెద్ద అని రాసుకున్నవాడు పెద్ద వానను బిగ్ రెయిన్ అంటాడు, అందులో అతని తప్పేముంది? ఇంగ్లీషులో వాన హెవీ, గాలి స్ట్రాంగ్. మనం హోంవర్కూ చేస్తాం, తప్పూ చేస్తాం. వాళ్లు హోంవర్క్‌కు డూ అంటారు, మిస్టేక్‌కు మేక్ అంటారు. దీనికి సూత్రం వెతక్కండి. ఏ మాట పక్కన ఏ మాట ఉంటుందో అలాగే వాక్యంతో సహా రాసుకోండి.

కాగితంలో రెండోది క్రియలు. అయిదు నిమిషాలే ఉన్నాయంటున్నారు కాబట్టి ఒక్కటే చెబుతాను. మనం దేని గురించైనా చర్చిస్తాం. ఆ గురించి అన్నది మన వెంట ఇంగ్లీషులోకి వచ్చేసి డిస్కస్ అబౌట్ అవుతుంది. డిస్కస్ తర్వాత అబౌట్ అక్కర్లేదు. "వుయ్ డిస్కస్డ్ ద ప్లాన్", అంతే. డిస్కషన్ అని నామవాచకం చేస్తే మాత్రం అబౌట్ పెట్టుకోవచ్చు.

మూడోది వదిలేయలేను. "ఆర్ యూ నాట్ కమింగ్?" అని ఎవరైనా అడిగారనుకోండి. మీరు వెళ్లడం లేదు. తెలుగులో ఏమంటారు? అవును, రావడం లేదు అంటారు. అడిగినవాడి మాట నిజమే అని మన అవును. ఇంగ్లీషులో అక్కడ నో రావాలి, "నో, ఐ యామ్ నాట్". అడిగిన తీరు ఎలా ఉన్నా, వస్తుంటే యెస్, రాకపోతే నో. మీరు ఉత్త యెస్ అని ఫోన్ పెట్టేస్తే అవతలివాళ్లు మీకోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. మన పద్ధతిలోనూ తర్కం ఉంది, వాళ్ల పద్ధతిలోనూ ఉంది. అలవాటయ్యేదాకా యెస్ అన్నా నో అన్నా వెంటనే పూర్తి వాక్యం చెప్పేయండి. "ఐ యామ్ నాట్ కమింగ్" అన్నాక తికమక ఉండదు.

ఆ ఇంజనీరు గారికి నేను మళ్లీ ఉత్తరం రాశాను. సరైన మాట నాకు తెలిసేసరికి ఆయన వేరే చోటికి వెళ్లిపోయారు. అయినా ఆయన పాత అడ్రసుకే పంపాను. "ఐ ఓన్లీ హాడ్ టూ క్వశ్చన్స్" అని మొదలుపెట్టాను. జవాబు రాలేదు.

ఇక మీరు అడగండి. ఇంగ్లీషులో అడగాలనిపిస్తే ఇంగ్లీషులోనే అడగండి, ఎవరూ నవ్వరు. వెనక వరసలో ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంచిన అమ్మాయికి ముందుగా మైక్ ఇవ్వండి.