కంపెనీ మారారా? పాత జీతం సంగతి కొత్త కంపెనీకి చెప్పారా?

నమస్కారం. ఉద్యోగం మారేటప్పుడు మనవాళ్లు చూసుకునేవన్నీ బాగానే చూసుకుంటారు. హైక్ ఎంత, నోటీసు పీరియడ్ ఎన్నాళ్లు, రిలీవింగ్ లెటర్ ఎప్పుడిస్తారు, కొత్త ఆఫీసు దగ్గర మెట్రో స్టేషన్ ఉందా, ఇలా అన్నీ. ఇన్‌కమ్ టాక్స్ ఒక్కటే ఎవరికీ గుర్తు రాదు, ఎందుకంటే దాని దెబ్బ అప్పుడు తగలదు, మళ్లీ జూలైలో రిటర్ను వేసేటప్పుడు తగులుతుంది. ఏడాది మధ్యలో కంపెనీ మారితే పన్ను తక్కువ కట్ కావచ్చు, ఎక్కువా కట్ కావచ్చు. సరిగ్గా సరిపోవడం మాత్రం తక్కువే.

ఈ పూట ఒక్క లెక్క నిదానంగా చెబుతాను. అంకెలన్నీ గుండ్రంగానే పెట్టుకున్నాను, వంట చేస్తూ విన్నా అర్థమవుతుంది. 2025-26 ఆర్థిక సంవత్సరం, కొత్త పన్ను విధానం.

మాదాపూర్‌లో ఒక కుర్రాడు ఉద్యోగం చేస్తున్నాడనుకుందాం. నెలకి లక్ష జీతం. ఏప్రిల్‌లో కంపెనీ వాళ్లు లెక్క వేసుకున్నారు. నెలకి లక్ష అంటే ఏడాదికి 12 లక్షలు, అందులో స్టాండర్డ్ డిడక్షన్, అంటే జీతగాళ్లకి నేరుగా ఇచ్చే మినహాయింపు, 75 వేలు తీసేస్తే 11 లక్షల 25 వేలు. 12 లక్షలు దాటలేదు కాబట్టి రిబేటు, అంటే పన్ను మాఫీ వస్తుంది, పన్ను సున్నా. అందుకని టీడీఎస్, అంటే జీతంలోంచి ముందే కోసే పన్ను, రూపాయి కూడా కట్ చెయ్యలేదు. అలా సెప్టెంబరు దాకా ఆరు నెలలు చేశాడు, 6 లక్షలు తీసుకున్నాడు.

అక్టోబరు 1న ఇంకో కంపెనీ. ఇక్కడ నెలకి లక్షన్నర. స్వీట్లు పంచాడు. కొత్త కంపెనీ వాళ్లు మళ్లీ మొదట్నుంచి లెక్క వేశారు. అక్టోబరు నుంచి మార్చి దాకా ఆరు నెలలు, లక్షన్నర చొప్పున 9 లక్షలు, 75 వేలు తీసేస్తే 8 లక్షల 25 వేలు. ఇదీ 12 లక్షల లోపే. ఇక్కడా సున్నా.

ఇందులో కంపెనీల తప్పేమీ లేదు. ఎవరి దగ్గరున్న అంకెలతో వాళ్లు సరిగ్గానే లెక్క వేశారు. మన కుర్రాడేమో రెండు ఫారం 16లు, అంటే కంపెనీలు జీతం, పన్ను లెక్క రాసిచ్చే కాగితాలు పట్టుకుని జూలైలో రిటర్ను వేసే ఆయన దగ్గరికి వెళ్లి, "అన్నా, రెండింట్లోనూ టాక్స్ సున్నానే ఉంది, ఊరికే సబ్మిట్ కొట్టెయ్యి" అన్నాడు. ఆ పెద్దాయన రెండు జీతాలూ కలిపాడు. 6, 9 కలిపితే 15 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ మనిషికి ఒక్కసారే, కంపెనీకొకసారి కాదు. కాబట్టి ఒకే ఒక్క 75 వేలు తీసేస్తే 14 లక్షల 25 వేలు. 12 లక్షలు దాటింది, రిబేటు పోయింది. ఇక స్లాబులు మొదలు. మొదటి 4 లక్షలకి ఏమీ లేదు. తర్వాతి 4 లక్షలకి 5 శాతం, 20 వేలు. ఆ తర్వాతి 4 లక్షలకి 10 శాతం, 40 వేలు. మిగిలిన 2 లక్షల 25 వేలకి 15 శాతం, 33,750. మొత్తం 93,750. దానిమీద 4 శాతం సెస్సు 3,750. వెరసి 97,500 రూపాయలు.

మళ్లీ చెబుతున్నాను, 97,500. రెండు ఫారం 16ల్లో సున్నాలు, రిటర్నులో 97,500. ఒకే రేషన్ కార్డు మీద రెండు షాపుల్లో బియ్యం తెచ్చుకున్నట్టు, ఒక మనిషికి ఇచ్చిన మినహాయింపుని ఇద్దరి దగ్గరా వాడేసుకున్నాడు, అదీ తనకి తెలియకుండానే.

అక్కడితో అయిపోలేదు. టీడీఎస్ పోను కట్టాల్సిన పన్ను ఏడాదికి 10 వేలు, ఆపైన ఉంటే జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో 15వ తేదీల్లోగా అడ్వాన్స్ టాక్స్ కట్టుకుంటూ రావాలి. జీతగాళ్లకి అదేమిటో కూడా తెలియదు, తెలుసుకోవాల్సిన పని మామూలుగా పడదు. మన కుర్రాడికి ఆ వాయిదాలు తప్పినందుకు ఒక వడ్డీ, ఏప్రిల్ నుంచి కట్టే నెల దాకా నెలకి ఒక శాతం చొప్పున ఇంకో వడ్డీ. జూలైలో కడితే రెండూ కలిపి దాదాపు 8,800. పన్ను ఎలాగూ కట్టాల్సిందే, దాని గురించి ఏడ్చి లాభం లేదు. ఈ 8,800 మాత్రం ఉత్త దండగ.

దీనికి మందు ఒకే ఒక్క కాగితం. ఈ 2025-26 లెక్కల్లో దాని పేరు ఫారం 12బీ. పాత కంపెనీలో ఈ ఏడాది ఎంత జీతం వచ్చింది, ఎంత టీడీఎస్ కట్ అయింది, పీఎఫ్ ఎంత పోయింది, ఈ వివరాలు రాసి కొత్త కంపెనీకి ఇస్తారు. పాత కంపెనీ చివరి పే స్లిప్పు, టాక్స్ లెక్క షీటు దగ్గరుంటే పది నిమిషాల పని. పాత కంపెనీ మెయిల్, పోర్టల్ మూసేసేలోపే అవి డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. చివరి రోజు కేక్ కోసే హడావుడిలో ఇది మర్చిపోతారు, ఆ తర్వాత హెచ్ఆర్ వాళ్ల చుట్టూ ఫోన్లు. కాగితం ఇచ్చాక కొత్త కంపెనీ రెండు జీతాలూ కలిపి లెక్క కట్టి, మిగిలిన నెలల్లో సర్ది కట్ చేస్తుంది. ఈ కుర్రాడికైతే నెలకి 16,250 చొప్పున ఆరు నెలలు పోయేది. నొప్పే, కాదనను. కానీ జూలైలో ఒక్కసారి లక్ష తేవడం కన్నా నయం కదా.

మరి ఎందుకివ్వరు అంటే, అసలు సంగతి నాకు తెలుసు. పాత జీతం ఎంతో కొత్తవాళ్లకి తెలియడం ఇష్టం ఉండదు. ఇంటర్వ్యూలో ఒక మాట చెప్పి ఉంటారు, కాగితంలో ఇంకోటి ఉంటుంది. సరే, ఎవరి తంటాలు వాళ్లవి. చట్టం కూడా ఆ కాగితం ఇచ్చి తీరాలని బలవంతం చెయ్యదు, ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఇవ్వకపోతే మాత్రం లెక్క మీరే కట్టుకుని అడ్వాన్స్ టాక్స్ మీరే కట్టండి. మార్చి 31 లోపు కట్టినదంతా అడ్వాన్స్ టాక్స్ కిందికే వస్తుంది, కనీసం ఏప్రిల్ నుంచి నెలనెలా పెరిగే వడ్డీ అయినా తప్పుతుంది.

ఇప్పుడు ఎక్కువ కట్ అయినవాళ్ల సంగతి, ఇది త్వరగా చెప్పేస్తాను. నెలకి లక్షన్నర జీతగాడు డిసెంబరు ఆఖరున మానేసి మార్చి దాకా ఖాళీగా ఉన్నాడనుకోండి. కంపెనీ ఏడాదికి 18 లక్షలనుకుని నెలనెలా కోసింది, తొమ్మిది నెలల్లో 1,13,100 పోయింది. అసలు వచ్చిన జీతం పదమూడున్నర లక్షలే, దాని మీద పన్ను 74,100. తేడా 39,000 అతని డబ్బే. కంపెనీని అడిగితే ఇవ్వదు, అది ఎప్పుడో ప్రభుత్వానికి జమ అయిపోయింది. రిటర్ను వేస్తేనే వెనక్కి వస్తుంది, వేసిన 30 రోజుల్లోగా ఈ-వెరిఫై కూడా చెయ్యాలి, బ్యాంకు అకౌంటు ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో వాలిడేట్ అయి ఉండాలి. రీఫండ్ రాలేదని నన్నడిగేవాళ్లలో చాలామందికి ఆ అకౌంటు దగ్గరే ఆగి ఉంటుంది. పాత శాలరీ అకౌంటు ఎప్పుడో మూసేసి ఉంటారు, పోర్టల్‌లో మాత్రం ఇంకా అదే ఉంటుంది.

ఇంకొక్క మాట. ఫారం 16లో ఉన్న టీడీఎస్, ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో ఫారం 26ఏఎస్‌లో, అంటే మీ పేరు మీద ప్రభుత్వానికి జమైన పన్ను పట్టికలో, కనిపించే టీడీఎస్ ఒకటేనా కాదా పక్కపక్కన పెట్టి చూసుకోండి. జీతంలో కోసి ప్రభుత్వానికి కట్టని కంపెనీలూ ఉన్నాయి. తేడా కనిపిస్తే పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు జాగ్రత్త చేసి ముందు ఆ కంపెనీకి మెయిల్ పెట్టండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు.

పన్ను మీరే కట్టాల్సి వస్తే పోర్టల్‌లో ఈ-పే టాక్స్ అని ఉంటుంది. అక్కడ అసెస్‌మెంట్ ఇయర్ అడుగుతుంది. 2025-26లో సంపాదించిన దానికి 2026-27 అని పెట్టాలి. తొందరలో 2025-26 నొక్కేస్తే డబ్బు పాత ఏడాది ఖాతాలో పడుతుంది, కట్టిన మీకే మళ్లీ కట్టమని నోటీసు వస్తుంది. సరిచేసుకునే వీలు పోర్టల్‌లోనే ఉంది గానీ దానికిచ్చే గడువు తక్కువ, అందుకని చలాన్ వచ్చిన వెంటనే తెరిచి సంవత్సరం చూసుకోండి. నమస్కారం.