నవంబరు మీసాలు: శ్రోతల ప్రశ్నలు, యూరాలజిస్టు జవాబులు

వ్యాఖ్యాత: హైదరాబాద్ స్టూడియో నుంచి నమస్కారం. పురుషుల ఆరోగ్యం కోసం నవంబరులో మీసాలు పెంచే 'మొవెంబర్' గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. యూరాలజిస్టు డాక్టరుగారు మనతో ఉన్నారు. మొదటి ఫోను మలక్‌పేట నుంచి. చెప్పండి.

శ్రోత (మలక్‌పేట): నమస్కారమండీ. మా అబ్బాయికి మాదాపూర్‌లో ఉద్యోగం. ఒకటో తారీఖున నున్నగా గీయించుకుని వచ్చాడు. ఆ తరువాత రోజూ గడ్డం గీస్తున్నాడు, మీసం మాత్రం ముట్టడు. అయ్యప్ప మాల అనుకుందామా అంటే, మాలలో గడ్డమూ గీయరు కదా. ఇది ఏ మొక్కు డాక్టరుగారూ?

డాక్టర్: మొక్కు కాదండీ. 2003లో మెల్‌బోర్న్‌లో 30 మంది సరదాగా మొదలుపెట్టారు. అక్కడ మీసాన్ని ముద్దుగా 'మో' అంటారు, దానికి నవంబరును అతికించారు. మరుసటి ఏడాది నుంచి ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం, అంటే మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథికి వచ్చే క్యాన్సర్ కోసం, విరాళాలు పోగుచేశారు. వృషణాల క్యాన్సర్, మానసిక ఆరోగ్యం తరువాత చేరాయి. మీసం చూసి ఎవరైనా 'ఏమిటిది' అని అడగాలి. మీరు అడిగారుగా, దాని పని అయింది.

శ్రోత: అడిగాననుకోండి. మీసం పెంచితే రోగం ఎలా తగ్గుతుంది?

డాక్టర్: తగ్గదు.

శ్రోత: మరి ఎందుకండీ పెంచడం? మా నాన్నగారికి బుర్రమీసాలుండేవి. చివరికి ఆయన పోయింది ప్రోస్టేట్‌తోనే. ఎముకలకు పాకిందన్నారు. అది సరే, మా అబ్బాయి మీసం...

డాక్టర్: మీసం సంగతి వదిలేయండి. మీ వయసెంత?

శ్రోత: 63.

డాక్టర్: రాత్రి ఎన్నిసార్లు లేస్తారు?

శ్రోత: ఒకటి, రెండు. నీళ్లు ఎక్కువ తాగుతాను లెండి.

(వెనక నుంచి స్త్రీ గొంతు: ఐదుసార్లు! బాత్రూం లైటు కూడా ఆర్పరు!)

డాక్టర్: అమ్మగారు చెప్పిందే రాసుకుంటాను. ధార సన్నబడిందా? మూత్రంలో రక్తం?

శ్రోత: రక్తం లేదు. ధార... కాస్త నిలబడాలి. మందుల షాపులో మాత్రలు ఇచ్చారు.

డాక్టర్: అదే వద్దంటున్నాను! షాపులో అడిగి మాత్రలు మింగకండి. వయసుతో ప్రోస్టేట్ పెరగడం మామూలే, చాలామందిలో అది క్యాన్సర్ కాదు. అసలు క్యాన్సర్ అయితే మొదట్లో ఏ లక్షణమూ చూపకపోవచ్చు. అందుకే 50 దాటినవాళ్లు, తండ్రికో అన్నదమ్ములకో వచ్చి ఉంటే 45 నుంచే, పీఎస్ఏ రక్తపరీక్ష, అంటే ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రోటీన్ రక్తంలో ఎంతుందో చూసే పరీక్ష, గురించి డాక్టరుతో మాట్లాడాలి. ఆ అంకె పెరిగినంత మాత్రాన క్యాన్సర్ అని బెంబేలెత్తకండి. ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. మీకు కుటుంబంలో ఉంది, లక్షణాలూ ఉన్నాయి. ఈ వారంలోనే వెళ్లండి.

శ్రోత: అలాగేనండీ. అయితే అబ్బాయిని మీసం తీసేయమనవచ్చా?

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ. కూకట్‌పల్లి నుంచి మరొకరు.

శ్రోత (కూకట్‌పల్లి): పేరు వద్దండీ. 26 ఏళ్లు. ఒక వృషణంలో చిన్న గట్టి గడ్డ తగులుతోంది. నొప్పి లేదు. మూడు నెలలైంది.

డాక్టర్: ఎవరికైనా చూపించారా బాబూ?

శ్రోత: ఎవరికీ చెప్పలేదండీ.

డాక్టర్: నాకు చెప్పారుగా, మంచి పని చేశారు. నొప్పి లేదని ఊరుకోకూడదు. ఈ క్యాన్సర్ ఎక్కువగా కుర్రవాళ్లలోనే వస్తుంది, త్వరగా పట్టుకుంటే చాలావరకు పూర్తిగా నయమవుతుంది. మీది అదే అని నేను అనడం లేదు. రేపే డాక్టరుకు చూపించి స్కానింగ్ చేయించుకోండి. షాపులో మాత్రలు మాత్రం...

శ్రోత: కొననండీ.

వ్యాఖ్యాత: ఎల్‌బీనగర్, చెప్పండి.

శ్రోత (ఎల్‌బీనగర్): మీసం ఒత్తుగా రావాలంటే ఏ నూనె రాయాలండీ?

డాక్టర్: అది నా శాఖ కాదు.

వ్యాఖ్యాత: తరువాత మెహిదీపట్నం నుంచి.

శ్రోత (మెహిదీపట్నం): మా తమ్ముడికి ఉద్యోగం పోయిందండీ. గదిలోంచి బయటకు రాడు. బతికి ఏం లాభం అంటున్నాడు.

డాక్టర్: ఆ మాటను తేలిగ్గా తీసుకోకమ్మా. ఒంటరిగా వదలకండి. చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడగండి, అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, ఇప్పుడే ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.

వ్యాఖ్యాత: మళ్లీ మలక్‌పేట నుంచే ఫోను. త్వరగా అడగండి.

శ్రోత (మలక్‌పేట): ఆ రక్తపరీక్షకు పరగడుపున వెళ్లాలా డాక్టరుగారూ?

డాక్టర్: అక్కర్లేదు. టిఫిన్ చేసే వెళ్లండి. అమ్మగారినీ తీసుకెళ్లండి, లెక్క సరిగ్గా చెబుతారు.