'సెట్': మూడక్షరాల మాట, 430 అర్థాలు

సభాసదులందరికీ నమస్కారం.

ఇంగ్లీషులో మూడే అక్షరాలతో రాసే ఒక మాట గురించి ఈ పూట మాట్లాడదలచుకున్నాను. ఆ మాట 'సెట్'. ఇంగ్లీషు వచ్చినవారిని దాని అర్థం అడిగితే తడుముకోరు గాని, ఒక్క అర్థం చెప్పి ఊరుకోనూ లేరు. సూర్యుడు అస్తమించడం సెట్, సిమెంటు గట్టిపడడం సెట్, విరిగిన ఎముకను సరిగా కూర్చి కట్టడం సెట్, గడియారంలో వేళ సరిచేయడం సెట్, ఉంగరంలో రాయి పొదగడం సెట్, అచ్చు వేయడానికి అక్షరాలు కూర్చడం సెట్. టెన్నిస్ పోటీలో ఒక భాగమూ, నాటకానికి రంగస్థలం మీద వేసిన ఇల్లూ, గణితంలో సమితీ కూడా సెట్లే. 1989లో 20 సంపుటాలుగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండవ కూర్పు ఈ క్రియకు 430 అర్థాలు చూపించింది. ఆ ఒక్క మాట వివరణే సుమారు 60,000 పదాలు, అంటే ఒక చిన్న నవలంత.

ఆ తరువాత అత్యధిక అర్థాలున్న మాట అనే ఈ పీఠం 'రన్' అనే క్రియకు దక్కింది. అదే నిఘంటువును సవరిస్తూ వస్తున్న సంపాదకులు 2011 నాటికి 'రన్' దగ్గరకు చేరి, దానికి 645 అర్థాలు తేల్చారు. అంతమాత్రాన 'సెట్' వెనుకబడిందని అనుకోవడానికి లేదు, ఎందుకంటే అప్పటికి సవరణ 'ఎస్' అక్షరం దాకా రానే లేదు. ఇంతకీ ఈ అంకెలను మరీ పట్టించుకోనక్కరలేదని నా అభిప్రాయం. రాయి పొదగడాన్నీ ఎముక కూర్చడాన్నీ ఒకే అర్థం కింద చేర్చాలా, రెండుగా విడదీయాలా అన్నది నిఘంటుకారుడి నిర్ణయం. చేతిలో ఇమిడే చిన్న నిఘంటువులు ఇదే మాటను కొద్దిపాటి అర్థాలతో సరిపెడతాయి, అయినా వాటిని చదువుకున్నవారికి భాషలో లోటేమీ కనబడదు.

అర్థాలు ఎన్ని అన్న ప్రశ్న కన్నా, ఇన్ని అర్థాలు ఒక్క మాటలో ఎలా ఒదిగాయి అన్న ప్రశ్న మేలైనది. ప్రాచీన ఆంగ్లంలో 'సిట్టన్' అంటే కూర్చొను, 'సెట్టన్' అంటే కూర్చోబెట్టు. ఒకటి తానుగా చేసే పని, రెండవది ఇతరుల చేత చేయించే పని. నేటి ఇంగ్లీషులోని 'సిట్', 'సెట్' ఆ జంట వారసులే. ఒరగడానికి 'లై', ఒరిగించడానికి 'లే', పడడానికి 'ఫాల్', పడగొట్టడానికి 'ఫెల్' కూడా ఇలాంటి జంటలే. తడిపి ముద్ద చేయడమని నేడు అర్థమిచ్చే 'డ్రెంచ్' కూడా మొదట 'డ్రింక్'కు జోడీగా పుట్టిన మాట, దాని తొలి అర్థం తాగించడం.

ఇంకా వెనక్కు వెళితే 'సిట్', 'సెట్'ల ధాతువు సంస్కృతంలోని 'సద్' ధాతువుకు తోబుట్టువు. కూర్చోవడమే దాని అర్థం. మనం కూర్చున్న ఈ సదస్సూ, ఇందాక నేను సంబోధించిన సభాసదులూ, పరిషత్తూ, గురువు దగ్గర కూర్చొని నేర్చిన ఉపనిషత్తూ అన్నీ ఆ ధాతువు పిల్లలే. పక్షిగూటికి ఇంగ్లీషువారు చెప్పే 'నెస్ట్' అన్న మాటా, సంస్కృతంలో గూడని అర్థమిచ్చే 'నీడము' అన్న మాటా కూడా ఈ వంశంలోవే, రెండింటికీ 'కుదురుకొని కూర్చునే చోటు' అనే మూలార్థం. మన చెట్టు నీడకు మాత్రం ఈ నీడముతో చుట్టరికం లేదు.

ఇక 'సెట్' అంటే మూలంలో కూర్చోబెట్టడం అని తెలిశాక, దాని విస్తారాన్ని గ్రహించడానికి తెలుగువాడికి ఇంగ్లీషు నిఘంటువు కన్నా దగ్గర దారి ఒకటి ఉంది. 'కూర్చోబెట్టు'లో ఉన్న 'పెట్టు'ను గమనించండి. ఇంగ్లీషువాడు దేనికైనా నిప్పు 'సెట్' చేస్తే మనం నిప్పు పెడతాం. అతడు అలారం 'సెట్' చేస్తే మనం అలారం పెడతాం. ఒక నేల మీద అతడు పాదం 'సెట్' చేస్తే మనం అడుగు పెడతాం. హద్దు పెట్టడం, పరీక్ష పెట్టడం, బోను పెట్టడం, పని మీద మనసు పెట్టడం, వద్దనుకున్నదాన్ని పక్కన పెట్టడం, చివరకు బందీని విడిచిపెట్టడం, వీటన్నిటికీ ఇంగ్లీషులో 'సెట్' ఉంది. ఒకదానికొకటి చుట్టరికం లేని రెండు భాషలు ఒకే మెట్ల మీదుగా దిగడం యాదృచ్ఛికం కాదు. ఒక వస్తువును ఒక చోట ఉంచడం అనే పని మనిషికి ఎంత ప్రాథమికమైనదంటే, వస్తువు స్థానంలో మనసును, చోటు స్థానంలో స్థితిని నిలిపి, అదే క్రియతో ఎంత దూరమైనా పోవచ్చు.

ఈ పోలిక అన్ని చోట్లా చెల్లదు. 'పెట్టు' ఎప్పుడూ సకర్మకమే, పెట్టేవాడూ పెట్టబడేదీ ఉండి తీరాలి. 'సెట్' మాత్రం మధ్యలో తోడుగా ఎవరూ లేకుండా తనంతట తానూ జరుగుతుంది. సిమెంటు 'సెట్' అయిందని ఇంగ్లీషువారు చెప్పేటప్పుడు దాన్ని ఎవరో సెట్ చేశారని కాదు, అది కదలిక మాని ఉన్నచోట కూర్చుందని భావం. మనం ఇక్కడ 'పెట్టు'ను వదిలి గట్టిపడింది అనో గడ్డకట్టింది అనో చెబుతాం. సూర్యాస్తమయం కథ మరింత ముచ్చటైనది. ప్రాచీన ఆంగ్లంలో సూర్యాస్తమయానికి ఉన్న మాట 'సెట్ల్‌గాంగ్', అంటే ఆసనానికి వెళ్ళడం. పగలంతా తిరిగిన సూర్యుడు పోయి తన పీట మీద కూర్చుంటాడన్న ఊహ అందులో ఉంది, నేటి 'సన్‌సెట్' వెనుక నిలిచిందీ ఆ ఊహే.

విద్యార్థులను తికమకపెట్టేది ఈ మాట పరస్పర విరుద్ధమైన పనులు చేయడం. యంత్రాన్ని కదలికలో పెట్టడానికీ 'సెట్' కావాలి, కదలిక లేకుండా బిగుసుకుపోవడానికీ 'సెట్' కావాలి. 'ఆఫ్' అనే మాటతో కలిస్తే ప్రయాణికుడు బయలుదేరుతాడు, బాంబు పేలుతుంది, ఒక బాకీకి మరొక బాకీ చెల్లవుతుంది. కూర్చోబెట్టేది ఏ స్థితిలోనన్నది పక్కనున్న మాటలు చెబుతాయి గనుక, చలనమైనా నిశ్చలతైనా ఆ క్రియకు ఒకటే. దీనికి తోడు భూతకాలంలోనూ దాని రూపం మారదు, కాబట్టి 'దే సెట్' అని మాత్రమే వింటే పని జరుగుతోందో జరిగిపోయిందో కూడా తెలియదు.

ఇప్పటిదాకా చెప్పినది క్రియ సంగతి. సమూహమని అర్థమిచ్చే 'సెట్' మరొక కుటుంబం నుంచి వచ్చింది. దాని మూలం లాటిన్‌లోని 'సెక్టా', అంటే ఒకరిని అనుసరించేవారి గుంపు. ప్రాచీన ఫ్రెంచి మీదుగా అది ఇంగ్లీషులోకి ప్రవేశించింది, మతశాఖను చెప్పే 'సెక్ట్' కూడా దాని తోడబుట్టినదే. అనుసరించడమనే ఆ ధాతువుకు సంస్కృతంలో 'సచ్' బంధువు, రాజును వెంట ఉండి అనుసరించే సచివుడు అందులోంచి పుట్టాడు. ఒకే వేషం వేసుకున్న ఈ అపరిచితులు ఇద్దరూ కాలక్రమంలో కలిసిపోయారు, ఎందుకంటే ఒకచోట చేర్చి పెట్టినవి ఎలాగూ సమూహంగానే కనబడతాయి. గణితంలోకి ఈ మాట ఆలస్యంగా వచ్చింది. సమితి సిద్ధాంతానికి 1874 నుంచి పునాదులు వేసిన గేయార్గ్ కాంటర్ జర్మన్‌లో వాడిన పదం 'మెంగె'. ఆయన రచనకు 1915లో వచ్చిన ఇంగ్లీషు అనువాదంలో దాన్ని 'ఆగ్రిగేట్' అన్నారు. తరువాత 'సెట్' స్థిరపడింది.

మరి వినేవాడు ఇన్నిటిలో కావలసిన అర్థాన్ని ఎలా పట్టుకుంటాడు? మన నిఘంటుకారులకూ వైయాకరణులకూ ఇది కొత్త సమస్య కాదు. సంస్కృత నిఘంటువైన అమరకోశంలో, అనేకార్థాల మాటలను చెప్పే నానార్థవర్గంలో, 'హరి' అనే ఒక్క మాటకు యముడు, గాలి, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప, ఇవి గాక కపిలవర్ణం, మొత్తం 14 అర్థాలు ఉన్నాయి. అనేకార్థమైన పదం ఏ అర్థంలో నిలుస్తుందో తేల్చడానికి ప్రాచీన వైయాకరణుడు భర్తృహరి తన వాక్యపదీయం రెండవ కాండలో సంసర్గం (కూడి ఉండడం), విప్రయోగం (ఎడబాటు), సాహచర్యం, విరోధం, ప్రకరణం (సందర్భం) మొదలైన కారణాలను వరుసగా చెప్పాడు. శంఖచక్రాలతో ఉన్న హరి అంటే కప్ప గుర్తుకు రాదు, అది సంసర్గం. సైంధవం తెమ్మన్నప్పుడు భోజనవేళ ఉప్పు, ప్రయాణవేళ గుర్రం తెస్తారు, అది ప్రకరణం. 'సెట్ ఇట్' అనే రెండు మాటలను వైద్యుడు, కంసాలి, అచ్చు అక్షరాలు కూర్చేవాడు, గడియారం బాగుచేసేవాడు తమ తమ సహాయకులతో అన్నారనుకోండి. నాలుగు చోట్లా నాలుగు వేర్వేరు పనులు జరుగుతాయి, ఒక్కరూ నిఘంటువు తిప్పరు. అందుకే పాఠశాలల్లో ఒక మాట కింద అర్థాల పట్టిక రాయించి వల్లె వేయించడం నాకు నచ్చదు. పట్టికలో అర్థం ఒంటరిగా ఉంటుంది, ఏ సహవాసంలో అది పుట్టిందో పిల్లవాడికి తెలియదు.

చివరగా తెలుగులోకి వచ్చిన 'సెట్' గురించి ఒక మాట. సినిమాకు సెట్టు వేయడం, పాత్రల సెట్టు కొనడం ఇంగ్లీషు అర్థాలే. 'ఆ పని సెట్ అయింది', 'వాళ్ళిద్దరికీ సెట్ కాలేదు' అనే వాడుకలు మాత్రం ఇంగ్లీషువాడికి అర్థం కావు. అవి మనవారు కల్పించినవి. పని కుదిరింది, ఇద్దరికీ కుదరలేదు అన్న చోట్ల 'కుదురు'ను తీసి 'సెట్'ను ఉంచారు. కుండ దొర్లకుండా నిలకడగా కూర్చోవడానికి దాని కింద పెట్టే చుట్టను తెలుగులో కుదురు అంటారు.