అందరూ వెళ్లని దేశాల్లో చదివితే కెరీర్‌కు లాభమా? – స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. 2024 జనవరిలో కెనడా స్టడీ పర్మిట్లకు పరిమితి పెట్టింది. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్‌-1బీ ఉద్యోగ వీసాలకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించింది. దాంతో చూపంతా తైవాన్, హంగరీ, ఎస్తోనియాల మీద పడింది. అందరికీ సమాన సమయం ఇస్తాం. కన్సల్టెంట్ గారూ, రెజ్యూమేలో ఆ పేర్లు చూస్తే ఎవరైనా గుర్తుపడతారా?

కన్సల్టెంట్: ఎందుకు పట్టరండీ! తైవాన్‌లోని షిన్చూలో చిప్‌ల కంపెనీ టీఎస్‌ఎంసీ ప్రధాన కార్యాలయం ఉంది. త్సింగ్‌హువా యూనివర్సిటీ ఆ ఊళ్లోనే. చిప్‌ల రంగంలోకి వెళ్లాలనుకునేవాడికి...

ప్రొఫెసర్: ఒక్క సవరణ. ఆ లక్ష డాలర్లు, అమెరికాలోనే చదివి అక్కడే వీసా స్టేటస్ మార్చుకునేవాళ్లకు వర్తించవని అక్టోబరులో...

కన్సల్టెంట్: ఫీజు వదిలేయండి సార్, నేను తైవాన్ చెబుతున్నా!

హెచ్‌ఆర్ మేనేజర్: ఒకే ఊళ్లో ఉంటే ఉద్యోగం ఇచ్చేస్తారా? మాండరిన్ రాకపోతే...

కన్సల్టెంట్: నేర్చుకుంటారు మేడమ్. అదే ప్లస్ పాయింట్.

యాంకర్: అది సరే, పేరు గుర్తుపడతారా అన్నదే నా ప్రశ్న.

ప్రొఫెసర్: ఇంజనీరింగ్ డిగ్రీ అయితే వాషింగ్టన్ అకార్డ్ చూసుకోవాలి, అంటే ఒక దేశం డిగ్రీని మరో దేశం గుర్తించే ఒప్పందం. తైవాన్, జపాన్, కొరియా అందులో ఉన్నాయి. వైద్యమైతే...

కన్సల్టెంట్: మధ్యలో వైద్యమెందుకు? ఖర్చు చూడండి. హంగరీ 2013 నుంచి స్టైపెండియం హంగారికమ్ అనే స్కాలర్‌షిప్ ఇస్తోంది. ఎంపికైతే ట్యూషన్ ఫీజు ఉండదు, పైగా నెలనెలా స్టైపెండ్. అప్పు లేనివాడు నచ్చని ఉద్యోగానికి నో చెప్పగలడు. అప్పున్నవాడు చెప్పగలడా?

ప్రొఫెసర్: ఉచితం ఎన్నాళ్లు? ఐరోపా బయటివాళ్లకు ఫిన్లాండ్ 2017లో ఫీజులు పెట్టింది, నార్వే 2023లో పెట్టింది.

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. వినిపించింది కన్సల్టెంట్ గొంతొక్కటే: ‘చిన్న దేశమైతే కాంపిటీషన్ తక్కువండీ!’)

యాంకర్: స్కైప్ ఎస్తోనియాలోనే పుట్టిందట కదా?

ప్రొఫెసర్: సాఫ్ట్‌వేర్ రాసింది అక్కడివాళ్లే. స్థాపకులు స్వీడన్, డెన్మార్క్ వాళ్లు.

హెచ్‌ఆర్ మేనేజర్: అది 2025 మేలో మూతపడింది కూడా. మన టాపిక్‌కి వద్దామా? ఇంటర్వ్యూలో నేను దేశం పేరు చూడను. అక్కడ ఇంటర్న్‌షిప్ చేశారా, ఆ భాషలో పని నడిపించగలరా అని చూస్తాను. తక్కువమంది వెళ్లే చోట పూర్వ విద్యార్థులూ తక్కువే. ఆ దేశం దాటాక రెఫరల్ ఇచ్చేవాళ్లు...

కన్సల్టెంట్: తక్కువమంది ఉంటేనే కదండీ ప్రత్యేకంగా కనిపించేది! ఇందాకా చెప్పా, మళ్లీ చెబుతున్నా, కాంపిటీషన్ తక్కువ.

యాంకర్: అంటే పేరు గుర్తుపట్టకపోవడమే ప్లస్ అంటారు!

హెచ్‌ఆర్ మేనేజర్: నేనన్నది అది కాదు...

యాంకర్: టైమ్ అయిపోయింది మేడమ్. కన్సల్టెంట్ గారూ, ముగింపుగా ఒక్క మాట?

కన్సల్టెంట్: ఒక్క మాట కాదు, మూడున్నాయి. మొదటిది, తైవాన్...