ట్యాంకు కంటే ముందు మేత బకెట్టు: సముద్రపు చేపల పెంపకంపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఉప్పునీటి రంగు చేపలతో ఇంట్లోనే గుడ్లు పెట్టించడం ఎలా, ఆ పిల్లల్ని బతికించుకోవడం ఎలా, ఇవాళ్టి ఫోన్-ఇన్ దాని గురించే. స్టూడియోలో మనతో ఉన్న మేడమ్ క్లౌన్ ఫిష్ పిల్లల్ని ఏళ్లుగా పెంచుతున్నారు. మొదటి కాలర్ లైన్లోనే ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్: నమస్తే మేడమ్. నా పగడాల ట్యాంకులో రెండు ఆసిలారిస్ క్లౌన్లు ఉన్నాయి. ఈ మధ్య రెండూ కలిసి ఒక రాయిని నోటితో తెగ శుభ్రం చేస్తున్నాయి. గుడ్లు పెడతాయేమోనని పిల్లల కోసం ఇంకో ట్యాంకు కొందామనుకుంటున్నా. ఎంత సైజుది తీసుకోమంటారు?

నిపుణురాలు: నమస్తే అండి. ట్యాంకు తర్వాత కొందురుగాని, రోటిఫర్లు, అదే పిల్లలకి మేతగా వేసే కంటికి ఆనీ ఆనని నీటి జీవులు, ఉన్నాయా మీ దగ్గర?

కాలర్: లేవండి. గుడ్లు పెట్టాక తెచ్చుకుందామని ఆగాను.

నిపుణురాలు: చాలామంది దెబ్బతినేది అక్కడే. గుడ్లు పెట్టాక మీకుండేది వారం, నీళ్లు 27 డిగ్రీలుంటే 6 నుంచి 8 రోజుల్లో పిల్లలు బయటికొచ్చేస్తాయి. వాటి పొట్టలో ఉండే సొన నామమాత్రం కాబట్టి తెల్లారేసరికి నోటి ముందు మేత ఈదుతూ ఉండాలి. పొడి మేత వేస్తే వాటికది మేతని కూడా తెలీదు, ఆర్టీమియా అనే బుల్లి రొయ్యలాంటి జీవి ఆ నోట్లో పట్టదు. పట్టేది రోటిఫర్ ఒక్కటే, పావు మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. అది వారంలో సరిపడా పెరగదు. అందుకే గుడ్ల ఆశ ఉందంటే ముందు రోటిఫర్లు పెంచే బకెట్టు పెట్టేయాలి.

కాలర్: బకెట్టంటే మామూలు ప్లాస్టిక్ బకెట్టేనా?

నిపుణురాలు: మామూలుదే, 20 లీటర్లది, తెల్లదైతే లోపల రంగు తెలుస్తుంది. ఉప్పదనం ట్యాంకు కంటే కొంచెం తక్కువ, హైడ్రోమీటరులో 1.018 దగ్గర పెట్టండి. గాలి పైపుకి ఎయిర్ స్టోన్ తగిలించొద్దు, వట్టి పైపు నుంచి పెద్ద బుడగలు రావాలి, సన్న బుడగలైతే నురగ కట్టి మేత అంతా పైకి చేరిపోతుంది. మేత నానోక్లోరాప్సిస్ నాచు, బతికున్నదైనా పర్లేదు, పేస్టు అయినా పర్లేదు. నీళ్లు లేత ఆకుపచ్చగా ఉన్నంతసేపు వాటికి తిండి ఉన్నట్టు, తేటగా అయ్యాయంటే ఆకలితో ఉన్నట్టు. రోజూ పావు వంతు నీళ్లు తీసి 50 మైక్రాన్ల జల్లెడలో వడకట్టండి, పిల్లలుంటే జల్లెడలో మిగిలినవి వాటికి, లేకపోతే పారబోయడమే. తీసినంత కొత్త ఉప్పునీళ్లు బకెట్టులో పోయాలి. పిల్లలు లేవు కదా అని తీయడం మానేస్తే కిక్కిరిసిపోయి ఓ రాత్రిలో మొత్తం చచ్చిపోతాయి, మూత తీయగానే వాసన కొడుతుంది. అందుకే రెండో బకెట్టు వేరే గదిలో, వేరే పైపు, వేరే జల్లెడతో పెట్టుకోండి. ఇక్కడ బద్ధకిస్తే మిగతా పనంతా దండగ.

కాలర్: సరేనండి. మరి చేపల్ని ఆ పగడాల ట్యాంకులోనే ఉంచొచ్చా?

నిపుణురాలు: గుడ్లు అక్కడా పెడతాయి. కానీ ఆ రాతి మీద గుడ్లని మీరు బయటికెలా తీస్తారు? జతకి 80, 100 లీటర్ల ట్యాంకు విడిగా ఇవ్వండి. 1.025 ఉప్పదనం, చేపలకి విషమైన అమోనియా, నైట్రైట్ సున్నా, ఒక మట్టి కుండీ, దాని పక్కన ఏటవాలుగా ఒక టైలు, అంతే, అలంకరణ ఏమీ వద్దు. మీ రెండింట్లో ఒకటి స్పష్టంగా పెద్దదేనా?

కాలర్: అవునండి, ఒకటి బాగా పెద్దది.

నిపుణురాలు: అదే ఆడది. క్లౌన్లు ముందు మగవే అవుతాయి, గుంపులో పెద్దది ఆడదిగా మారుతుంది, ఆడది పోతే మగది ఆడదవుతుంది. వెనక్కి మాత్రం మారదు, అందుకే రెండు పెద్ద ఆడవాటిని తెచ్చి ఒకచోట వేస్తే జత కట్టవు, చచ్చేదాకా కొట్టుకుంటాయి.

కాలర్: గుడ్లు పెట్టాక ఎప్పుడు తీయాలి?

నిపుణురాలు: తొందరపడకండి. గుడ్లు మొదట నారింజ రంగులో ఉంటాయి, తర్వాత ముదురుతాయి, చివర్లో ఒక్కో గుడ్డులో రెండు వెండి చుక్కల్లా కళ్లు మెరుస్తాయి. అంతదాకా మగచేప చూసుకున్నట్టు మనం చూసుకోలేం, రెక్కలతో విసురుతూనే ఉంటుంది, పాడైన గుడ్డుని నోటితో ఏరేస్తుంది. కళ్లు బాగా మెరిసిన సాయంత్రం టైలుని నీళ్లతో సహా ఒక డబ్బాలోకి తీసుకుని పిల్లల ట్యాంకులో పెట్టండి. మగచేప విసిరే పని ఇక ఎయిర్ స్టోన్‌ది, బుడగలు గుడ్ల పక్కగా పోతూ వాటిని కదిలిస్తూ ఉండాలి. లైట్లు ఆర్పేసి గదిలో పూర్తి చీకటి చేస్తే మామూలుగా గంటా రెండు గంటల్లో పిల్లలైపోతాయి. ఆ రాత్రి కాకపోతే కంగారు పడకండి, మర్నాటి రాత్రి చూడండి.

యాంకర్: సార్ అడిగిన సైజు సంగతి అలాగే ఉండిపోయింది మేడమ్.

నిపుణురాలు: 40 లీటర్లు చాలు. పెద్ద ట్యాంకులో మేత పలచబడి పిల్లలకి దొరకదు. నీళ్లు తల్లిదండ్రుల ట్యాంకువే పోయండి.

యాంకర్: థాంక్యూ సార్. తర్వాతి కాల్.

కాలర్: మేడమ్, నేను రోటిఫర్లు ముందే పెంచాను. అయినా పిల్లలన్నీ మూడు నాలుగు రోజుల్లో పోతున్నాయి. కొన్ని గాజుకి తల కొట్టుకుంటూ ఉంటాయి, తర్వాత గిరగిరా తిరిగి అడుక్కి పడిపోతాయి. చాలా టెన్షన్‌గా ఉంది.

నిపుణురాలు: ట్యాంకు గాజు బయట నల్లగా ఏమైనా అంటించారా అమ్మా?

కాలర్: లేదండి. పిల్లలు కనపడాలని పైన ట్యూబ్‌లైటు కూడా పెట్టాను.

నిపుణురాలు: మీకు కనపడ్డాయి, వాటికి మేత కనపడలేదు. పిల్ల వెలుతురు వైపు పోతుంది, పక్క గాజులోంచి వెలుతురొస్తే అక్కడే తల కొట్టుకుంటుంది, తినదు. నాలుగు పక్కలా నల్ల కాగితం చుట్టేయండి, పైనుంచి మాత్రం మసక వెలుతురు చాలు, నల్లటి నేపథ్యంలో రోటిఫర్ దానికి తెల్లగా కనిపిస్తుంది. నీళ్లలో నాచు కలుపుతున్నారా?

కాలర్: లేదండి, నీళ్లు పాడవుతాయని.

నిపుణురాలు: కలపండి. అడుగు మసగ్గా కనిపించేంత పచ్చదనం ఉండాలి. దాంతో రోటిఫర్లకి తిండి దొరుకుతుంది, వెలుతురు చెదురుతుంది, బతికున్న నాచైతే కొంత అమోనియాని కూడా లాగేస్తుంది. అమోనియా చూశారా?

కాలర్: చూడలేదు. పిల్లల ట్యాంకులో ఫిల్టర్ పెట్టొద్దని ఎవరో అన్నారు, పెట్టలేదు.

నిపుణురాలు: ఫిల్టర్ వద్దన్నది నిజమే, పెడితే పిల్లల్ని పీల్చేస్తుంది. కానీ ఫిల్టర్ లేదంటే ఆ పని మీ చేతుల మీద పడినట్టే. రోజూ టెస్ట్ చేయండి, సన్నటి గాలి పైపుతో అడుగున పడ్డ మురికి లాగేయండి, పైపు చివర మెష్ కట్టండి, తీసినన్ని నీళ్లు చుక్కచుక్కగా పోయండి, ఒక్కసారిగా కుమ్మరిస్తే ఆ దెబ్బకే పోతాయి. రోటిఫర్లు ఎంత వేస్తున్నారు?

కాలర్: పొద్దున ఒకసారి, బోలెడు.

నిపుణురాలు: ఎక్కువైనవి ఆకలితో ఎండిపోతాయి, అలాంటివి పిల్ల తిన్నా ఒంటికి పట్టదు. మిల్లీలీటరుకి 5 నుంచి 10 ఉండేలా చూసుకుని రోజులో రెండు మూడుసార్లు వేయండి. ఆర్టీమియా మొదలుపెట్టారా?

కాలర్: నాలుగో రోజు వేశానండి, త్వరగా పెరుగుతాయని.

నిపుణురాలు: ఆగండమ్మా. వారం దగ్గరపడ్డాక, అదీ అప్పుడే పగిలిన ఆర్టీమియా, చిటికెడు. పొట్ట నారింజ రంగుకి మారిందంటే తింటున్నట్టు. రోటిఫర్లు ఇంకొన్నాళ్లు పక్కనే నడవాలి. రెండో వారంలో తల మీద తెల్ల పట్టీ వచ్చి పిల్లలు గాజు దగ్గరికి, అడుక్కి దిగుతాయి, స్పాంజ్ ఫిల్టర్ అప్పుడు పెట్టండి.

యాంకర్: ఇంకొకరున్నారు. చెప్పండి.

కాలర్: బ్లూ ట్యాంగ్ అనే నీలం చేపతో ఇంట్లో గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచొచ్చా మేడమ్?

నిపుణురాలు: ఆశ పెట్టుకోకండి. అది గుడ్లని నీళ్లలోకి వదిలేసే చేప, పిల్ల నోరు రోటిఫర్ కూడా పట్టనంత చిన్నది. 2016లో గానీ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ల్యాబ్‌లో వాటి పిల్లల్ని పెద్దవి చేయలేకపోయారు, అదీ అన్ని సదుపాయాలుండి. నియాన్ గోబీ అనే చిన్న చేపతో మొదలుపెట్టండి, క్లౌన్ పద్ధతే దానికీ.

యాంకర్: తర్వాతి కాల్.

కాలర్: మేడమ్, మా బాంగాయ్ కార్డినల్ చేపల్లో మగది తిండి మానేసింది, కింది దవడ ఉబ్బినట్టుంది. జబ్బా?

నిపుణురాలు: జబ్బు కాదండి, నోట్లో గుడ్లున్నాయి! సుమారు నెలరోజులు అలాగే ఉంటుంది, పిల్లలయ్యాక కూడా కొన్నాళ్లు నోట్లోనే దాచుకుంటుంది. వలతో తరమకండి, బెదిరితే ఉమ్మేస్తుంది, మింగేసినా మింగేస్తుంది. రోటిఫర్ల పని లేకుండా మొదటి రోజే ఆర్టీమియా తినే పిల్లలివి, కొత్తవాళ్లకి నేనైతే ఈ చేపనే చెప్తాను. ఇండోనేషియాలో కొన్ని దీవుల దగ్గరే దొరికే చేప, పట్టి పట్టి తగ్గిపోతే 2007లో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ అంతరించే ముప్పున్న జాబితాలో పెట్టింది. ఇంట్లో పుట్టినవి ఎన్ని ఉంటే అంత మంచిది.

కాలర్: పిల్లల ట్యాంకులో ఏం పెట్టాలి?

నిపుణురాలు: సముద్రంలో అవి అర్చిన్ అనే ముళ్ల బంతిలాంటి జీవి ముళ్ల మధ్య దాక్కుంటాయి. వైర్లు కట్టే నల్లటి ప్లాస్టిక్ కేబుల్ టైలు ఒక గుత్తిగా కట్టి ముళ్లలా నిలబెట్టండి, నేరుగా వచ్చి అందులో దూరతాయి. ఆర్టీమియాకి ముందుగా డీహెచ్‌ఏ అనే కొవ్వు పోషకం ఉన్న మేత పెట్టి అప్పుడు వేయండి. అది లేకుండా పెంచితే బాగానే తిరుగుతున్న పిల్ల లైటు వేయగానే బెదిరి అక్కడికక్కడే పోతుంది.

కాలర్: తెల్లమచ్చల జబ్బుకి రాగి మందు వాడిన పాత ట్యాంకు ఉంది, అది కడిగి వాడొచ్చా?

నిపుణురాలు: అందులో వాడిన రాళ్లు, ఇసుక అస్సలు వద్దు, రాగిని పీల్చుకుని మెల్లగా వదులుతుంటాయి. చేప తట్టుకునే మోతాదుకే రోటిఫర్లూ ఆర్టీమియా చచ్చిపోతాయి. పిల్లలకి వేరే ట్యాంకు చూసుకోండి, ఆ పాతదాంట్లో వాడిన వల కూడా మేత బకెట్టులో ముంచొద్దు.