బంగారం గీసిన దారి: కాలిఫోర్నియా రాష్ట్ర రహదారి 49

సభకు నమస్కారం.

శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉన్న బే ఏరియా నుంచి యోసెమిటీ జాతీయ ఉద్యానవనానికి వెళ్లే మన తెలుగు కుటుంబాలలో 120వ నంబరు దారి పట్టేవారు, చైనీస్ క్యాంప్ నుంచి మొకాసిన్ దాకా, చాలాసార్లు తమకు తెలియకుండానే, 49వ రహదారి మీద ప్రయాణిస్తారు. ఆ కొద్ది మైళ్లలో రెండు దారులూ ఒకటే. ఈరోజు నేను మిగిలిన దారిని గురించి మాట్లాడదలచాను. దక్షిణాన మడేరా కౌంటీలోని ఓక్‌హర్స్ట్‌లో మొదలై, ఉత్తరాన ప్లూమాస్ కౌంటీలోని వింటన్ దాకా, 11 కౌంటీల గుండా దాదాపు 295 మైళ్లు సాగే ఈ దారిలో ఒక్క మహానగరమూ తగలదు.

సియెర్రా నెవాడా పర్వతాల పడమటి వాలు మీది నదులు పడమటికే దిగుతాయి. కొండదారి వేసేవారు వీలైనంతవరకు నది గట్టునే నమ్ముకుంటారు. ఈ దారి మాత్రం మెర్సెడ్, స్టానిస్లాస్, మొకెలమ్నీ, అమెరికన్ నదులకు అడ్డంగా, దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది కనుక, ప్రతి నది దగ్గరా లోయలోకి దిగి మళ్లీ ఎక్కవలసిందే. ఇందుకు కారణం బంగారం. 1848 జనవరి 24న కొలోమాలో, జాన్ సట్టర్ కోసం కడుతున్న రంపపు మిల్లు కాలువలో జేమ్స్ మార్షల్‌కు పసిడి రేణువులు కనిపించాయి. మారిపోసా నుంచి ఉత్తరంగా సుమారు 120 మైళ్లు సన్నగా సాగే 'మదర్ లోడ్' అనే ఖనిజ పట్టీ పొడుగునా గని శిబిరాలు వెలిశాయి. అక్కడి మూలవాసులైన మివోక్, నిసెనాన్ ప్రజల నేల వారి చేజారిపోయింది. ఈ దారి కథలో అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట అదే. తరువాత ఆ శిబిరాలను కలుపుతూ పోయిన రహదారికి 1849లో బంగారం కోసం వచ్చిపడిన జనం పేరిట 49 అనే సంఖ్య దక్కింది.

పర్యాటకులు దీనిని చరిత్ర చూపించే దారిగానే ఎరుగుదురు. జాక్సన్ దాటగానే కనిపించే కెనడీ గని, 1922లో మంటలకు 47 మంది కార్మికులు బలైన ఆర్గొనాట్ గని చూడదగినవే. కాని అక్కడివారికి ఇది ముందుగా ప్రభుత్వ కచేరీకి వెళ్లే దారి. గని శిబిరాలే కౌంటీ కేంద్రాలయ్యాయి కనుక మారిపోసా, సొనోరా, శాన్ ఆండ్రియాస్, జాక్సన్, ప్లాసర్‌విల్, ఆబర్న్, నెవాడా సిటీ, డౌనీవిల్, ఈ ఎనిమిదీ ఈ ఒక్క దారి మీదే ఉన్నాయి.

కూల్టర్‌విల్‌వారిని చూడండి. వారి కౌంటీ కేంద్రం మారిపోసా. అక్కడికి చేరాలంటే మెర్సెడ్ లోయలోకి మలుపు మీద మలుపు తిరుగుతూ దిగి, బాగ్బీ దగ్గర వంతెన దాటి, అంత ఎత్తూ తిరిగి ఎక్కాలి. ఉత్తరాన దారి యూబా నది ఉత్తర పాయను ఆనుకొని డౌనీవిల్, సియెర్రా సిటీల మీదుగా నడుస్తుంది. ఆపైన సుమారు 6,700 అడుగుల ఎత్తున యూబా కనుమ ఉంది. దానికి తూర్పున ఉన్న లాయల్టన్‌వారు డౌనీవిల్ కోర్టుకు రావాలంటే, చలికాలపు మంచులో కూడా, ఈ కనుమే దగ్గరి దారి.

అందుచేత, ఇలాంటి రహదారికి ఎంత ఖర్చు పెట్టాలో వాహనాల లెక్కను బట్టి మాత్రమే నిర్ణయించడం అన్యాయమని నా అభిప్రాయం. ఆ లెక్క ప్రకారం ఆబర్న్, గ్రాస్ వ్యాలీల మధ్య రద్దీ ఉన్న భాగానికే ఎప్పుడూ మొదటి వాటా వెళుతుంది. మారిపోసాకు వేరే దగ్గరి దారి లేని కూల్టర్‌విల్, డౌనీవిల్‌కు ఆ కనుమనే నమ్ముకున్న లాయల్టన్ ఆ ఖర్చుల పట్టికలో అడుగునే మిగిలిపోతాయి. దారి మూతపడితే ఎంతమంది ఆసుపత్రికి, బడికి, కోర్టుకు దూరమవుతారన్నది కూడా ఆ పట్టికలో ఒక గడిగా చేరాలి.